మూడు వాక్యాల సోనీ

ఫిబ్రవరి 3, సోమవారం

టూత్‌పేస్టు కంపెనీ అతను మా క్లినిక్‌కి ఆరు డైరీలు ఇచ్చి వెళ్ళాడు. డాక్టర్‌గారు రెండు ఉంచుకుని ఒకటి నా బల్ల మీద పెట్టారు. ఫోనెత్తి అపాయింట్‌మెంట్లు ఇచ్చే మనిషికి కూడా ఆంతరంగిక జీవితం ఉంటుందని గుర్తించిన మొదటి సంస్థ ఇది. కృతజ్ఞతతో ప్రారంభిస్తున్నాను.

ఇవాళ చారిత్రక నిర్ణయం తీసుకున్నాను. మేము లాల్‌దర్వాజా వదిలేస్తున్నాం. జూన్‌లో సోనీ ఒకటో తరగతిలోకి వస్తుంది. ఆ లోపు మంచి ప్రైమరీ స్కూలు దగ్గర, పిల్లాపాపలున్న కుటుంబాల మధ్య, మన జీతాలకు అందే ఇల్లు దొరకాలి. మన జీతాలంటే, నీళ్ల బోర్డులో వాల్వులు తిప్పే ప్రేమ్‌రాజ్ జీతమూ, పళ్ళ డాక్టర్ దగ్గర ఫోనెత్తే నా జీతమూ. అద్దె తొమ్మిది వేలు. అంతకు పైన ఒక్క రూపాయి ఉన్నా ఆ ఏరియా మాకు పరాయి దేశం.

కారణం స్కూలే. స్టీలు సామాన్ల దుకాణం పైనుంటుంది అది. యూకేజీ టీచర్ ఇవాళ పిలిచి కూర్చోబెట్టింది.

"మేడమ్, సోనీ క్లాసుల మాట్లాడతలేదు. జూన్ కెల్లి ఇప్పటిదాంక మూడే మాటలు. గుడ్ మార్నింగ్ మేడమ్, మే ఐ గో టు టాయిలెట్, థాంక్యూ మేడమ్. పక్క పిల్లలతోటి గూడ ఏం మాట్లాడదు."

నా కూతురు! పొద్దున కళ్ళు తెరవకముందే నోరు తెరిచే పిల్ల. బల్లికి తోక తెగితే తోకకు నొప్పా, బల్లికి నొప్పా అని నిన్న స్నానం మధ్యలో నన్ను నిలదీసిన పిల్ల.

"మూడూ ఇంగ్లీషే కదా టీచర్, తప్పులు కూడా లేవు" అన్నాను.

టీచర్ నవ్వలేదు.

హాస్యం తెలియని స్కూల్లో పిల్ల ఎందుకు మాట్లాడుతుంది? తప్పు స్కూలుది.

ఫిబ్రవరి 5

మళ్ళీ ఆలోచించాను. స్కూలుదే.

ఫిబ్రవరి 9, ఆదివారం

కుటుంబ మహాసభ. వేదిక: వంటింటి గడప. అధ్యక్షురాలు మా అత్తమ్మ రాజమణి, చేతిలో చిక్కుడుకాయలు.

"ఏడికన్న పోండ్రి, నాకేం ఫికర్ లేదు. మహంకాళి గుడికి ఒక్క బస్సుల రావాలె. రెండు బస్సులెక్కుడు నాతోని కాదు."

ప్రేమ్‌రాజ్ షరతు ఇంకా ఘనమైనది. ఈయన పదేళ్లుగా పాతబస్తీ గల్లీల్లో వాల్వు తిప్పే పెద్ద ఇనుప తాళంచెవి భుజానేసుకుని నీళ్లు వదులుతున్నాడు. ఏ గల్లీకి ఎన్నింటికి నీళ్లొస్తాయో, ఏ ఇంటి దగ్గర ధార సన్నబడుతుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. మనుషుల్ని కూడా అలాగే గుర్తు పెట్టుకుంటాడు. మా పెళ్లిలో ఎవరో మా నాన్నగారి ఇల్లెక్కడని అడిగితే, "మూడో రోజు, పొద్దుగాల ఆరింటి లైన్" అని చెప్పిన మహానుభావుడు.

"ముందుగాల నల్లా జూడాలె. స్కూల్ తర్వాత."

"పిల్ల నల్లాల చదువుకుంటదా?"

"దూప అయితే ఏం చదువుతది మరి?"

"సోనీ, నీకెట్లాంటి ఇల్లు గావాలె బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

సోనీ చాలా సేపు ఆలోచించింది. "మెట్ల కింద దాక్కోనీకి జాగ ఉండాలె. గంతే."

సభ ముగిసింది. తీర్మానాలు ఏవీ లేవు. చిక్కుడుకాయలు మాత్రం అయిపోయాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

సంతోష్‌నగర్. గేటుకి టు-లెట్ బోర్డు, గేటు లోపల ఓనరమ్మ. తాళం తీయకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎంతమంది, ఏం ఉద్యోగం, మాంసం వారానికి ఎన్నిసార్లు, చుట్టాలు వస్తారా, వస్తే ఉంటారా, ఉంటే స్నానం చేస్తారా.

"చుట్టాలను కడిగే పంపిస్తామండీ" అన్నాను.

అద్దె పద్నాలుగు వేలంది. నవ్వకుండానే అంది. నేనూ నవ్వకుండానే నమస్కారం పెట్టాను.

ఫిబ్రవరి 22, శనివారం

దొరికింది!

బహదూర్‌పురాలో, జూ వెనక వైపు. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా, ఎనిమిదిన్నర వేలు. ఓనరు విఠల్‌రావుగారు రిటైరైన గుమాస్తా, భార్య కోమలవల్లిగారు. గల్లీలో ఆరు సైకిళ్లు లెక్కపెట్టాను, అన్నీ పిల్లలవే. మెట్ల కింద జాగా కూడా ఉంది. ఇక గల్లీ చివర, అసలు విషయం, ఊదా రంగు గోడల స్కూలు. ఆ స్కూల్లో చదివిన పిల్లలు పెద్ద పెద్ద చోట్ల ఉన్నారట. ఎక్కడ అని నేను అడగలేదు, కోమలవల్లిగారూ చెప్పలేదు. ఇద్దరం గౌరవంగా తలూపుకున్నాం.

ప్రేమ్‌రాజ్ మాత్రం ఇల్లు చూడలేదు. నల్లా తిప్పాడు, దోసిట్లో పట్టాడు, వాసన చూశాడు.

"ఈ లైన్ నాకెరికే తనూజా. గిదే ఆఖరి ఇల్లు. ఎండకాలం బిందె గూడ నిండది."

"బిందెకు సీటు అడగలేదు మనం."

"నేను జెప్పేది జెప్పిన."

మేము మాట్లాడుతుంటే సోనీ కింద పోర్షన్ పిల్లతో చేరి గట్టిగా, "ఏ, తేరే ఘర్ మే బిల్లీ హై క్యా? మేరే కో దిఖా నా!" అని పిల్లిని చూపించమంటోంది. మా గల్లీలో పక్కింటి పిల్లలంతా దక్కనీ ఉర్దూయే కదా, తెలుగూ దక్కనీ కలిపి కొడుతుంది. కోమలవల్లిగారు వింటున్నారు. నేను వెళ్ళి దాని భుజం నొక్కాను.

"ష్! గీడ గట్ల మాట్లాడొద్దని చెప్పిన్నా లేదా?"

టక్కున ఆపేసింది. అంత బుద్ధిమంతురాలు.

వచ్చేటప్పుడు కోమలవల్లిగారు పేరడిగితే సోనీ నవ్వి ఊరుకుంది. "పాప పెద్దవాళ్ళతో మాట్లాడదా అమ్మా?" అని అడిగారు.

"సిగ్గండీ" అన్నాను. రెండు వేలు టోకెన్ ఇచ్చేశాం.

మార్చి 2, ఆదివారం

శనివారం ఊదా గోడల స్కూల్లో ఇంటర్వ్యూ. శిక్షణ మొదలైంది. ఆచార్యురాలు నేనే.

రంగులు, పండ్లు, నెలలు, మై నేమ్ ఈజ్, మై ఫాదర్స్ నేమ్ ఈజ్. వీటికంటే ముఖ్యమైన సూత్రం ఎల్‌కేజీ సీటప్పుడు నేను కనిపెట్టిందే, మళ్ళీ గుర్తు చేశాను. ఇంగ్లీష్ వస్తే చెప్పు, రాకపోతే నోరు మూసుకుని నవ్వు. కైకు, నక్కో, గట్ల, గిట్ల అన్నావో, సీటు పోతుంది. ఆ రోజు ఈ సూత్రంతోనే కదా స్టీలు సామాన్ల స్కూల్లో సీటు కొట్టాం.

సోనీ తలూపింది. వేలు పెదవి మీద పెట్టి మరీ చూపించింది. ముద్దొచ్చింది.

మార్చి 8, శనివారం

ప్రిన్సిపల్ మేడమ్ గదిలో ఏసీ. ఇంత చల్లని గదిలో అబద్ధాలు చెప్పడం కష్టం, పళ్ళు కొట్టుకుంటాయి.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

సోనీ నవ్వింది.

"సోనీ, మేడమ్. బాగా మాట్లాడుతుంది" అన్నాను.

"విచ్ కలర్ డూ యూ లైక్?"

సోనీ ఇంకాస్త నవ్వింది.

"పర్పుల్, మేడమ్. మీ స్కూలు చూసినప్పట్నుంచీ."

"వాట్ డిడ్ యూ ఈట్ టుడే?"

"ఇడ్లీ, మేడమ్. రెండు. చట్నీ వద్దంది."

ప్రిన్సిపల్ మేడమ్ పెన్ను కింద పెట్టింది. "మేడమ్, అడ్మిషన్ పాపకా, మీకా?"

"నాకు ఫస్ట్ క్లాస్ ఎప్పుడో వచ్చింది మేడమ్, బీకామ్‌లో" అన్నాను.

ఈ గదిలో కూడా ఎవరూ నవ్వలేదు. స్పెషలిస్ట్ ఎవరికైనా చూపించండి, రెండు వారాలకు మళ్ళీ తీసుకురండి అన్నారు. సోనీ లేచి థాంక్యూ మేడమ్ అంది. ఎంత స్పష్టంగా అందో!

మార్చి 9

"డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాడు ప్రేమ్‌రాజ్. "దిష్టి దగిలింది, అమ్మోరికి మొక్కుకుంటా" అంది అత్తమ్మ. పిల్లకి ఏమీ లేదు, మీకే ఏదో అయింది అన్నాను నేను. అరగంట పాటు అన్నాను.

"నువ్వు మాట్లాడుతుంటే ఇంట్ల నాకే సందు దొరకదు. అది చిన్నపిల్ల, దానికేడ దొరుకుతది?" అన్నాడు.

పదేళ్లలో ప్రేమ్‌రాజ్ వేసిన మొదటి జోకు. నాకు నచ్చలేదు.

మార్చి 12

ఇవాళ క్లినిక్‌లో అరవై ఒక్క ఫోన్లు. తెలుగులో, దక్కనీలో, ఇంగ్లీష్‌లో. ఒకావిడ పంటినొప్పితో ఏడుస్తూ, "దాఁత్ మే దరద్ హై బాజీ, మర్ రహీ మైఁ" అంటే, "ఆజావ్ అమ్మా, మైఁ హూఁ నా" అన్నాను. డాక్టర్‌గారు మెచ్చుకున్నారు. మూడు భాషల్లో మాట్లాడగలగడమే నా అర్హత అని ఉద్యోగంలో చేరినరోజే చెప్పారాయన.

ఊరికే రాశాను.

మార్చి 16, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను.

బట్టలు ఆరేసి మెట్లు దిగుతున్నాను. ముందు గదిలో స్కూలాట. అత్తమ్మ పిల్ల, సోనీ టీచర్. అత్తమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, మెడలో నా చున్నీ టై లాగా వేలాడుతోంది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది సోనీ, చేతిలో స్కేలు.

"నా పేరు రాజమణి టీచరమ్మా. నాకు దూపైతున్నది."

"గట్ల మాట్లాడొద్దు! ఇంగ్లీష్ వస్తే జెప్పు. రాకుంటే నోరు మూస్కొని నవ్వు."

"ఇంగ్లీష్ల నీళ్లు ఎట్ల అడగాలె మరి?"

"రాదు గదా? అయితే అడగొద్దు. అడిగితే సీట్ పోతది. సీట్ పోతే మీ మమ్మీ ఏడుస్తది."

అత్తమ్మ వేలు పెదవి మీద పెట్టుకుని కూర్చుంది, ఆట కదా. అలాగే కూర్చుని, గుమ్మంలో ఉన్న నా వైపు చూసింది. సోనీ నీళ్లు తాగడానికి లోపలికి వెళ్ళాక మెల్లగా, "గిది నీ మాటే గదనే తనూజా" అంది.

సబ్బు అయిపోయింది, తీసుకొస్తానని బయటికి పోయాను. ఇంట్లో మూడు సబ్బులున్నాయి.

మార్చి 17

సోనీతో చెప్పాను. "స్కూల్ల ఏదన్న మాట్లాడు బిడ్డా. తెలుగు, ఉర్దూ, ఏదొస్తే అది. ఏం గాదు."

"సీట్ పోతది."

"పోతే పోనీ."

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వు జోక్ జేస్తున్నవ్" అంది.

మార్చి 22, శనివారం

సీటు వచ్చింది.

ఇవాళ కూడా సోనీ నవ్వడం తప్ప ఏమీ చెప్పలేదు. ప్రిన్సిపల్ మేడమ్ స్టీలు సామాన్ల స్కూలు నోటుబుక్కులు తిరగేసింది, రాత ముత్యాల్లా ఉందంది. "మాట్లాడకపోయినా పర్లేదు మేడమ్. రాత పని కరెక్టుగా చేస్తుంది. క్లాస్ డిస్టర్బ్ కాదు. యాక్చువల్లీ ఇట్లాంటి పిల్లలతో మాకే ఈజీ." సోమవారం మధ్యాహ్నం లోపు ఫీజు కట్టాలి.

చాలా సంతోషంగా ఉంది.

(పైది మళ్ళీ చదివాను. సంతోషంగానే ఉంది.)

మార్చి 23

మంచి స్కూలు, మంచి గల్లీ, సైకిళ్లు, తొమ్మిది వేలలోపు అద్దె. మాటలు ఎప్పుడైనా వస్తాయి. సీట్లు రావు. ప్రేమ్‌రాజ్‌తో ఇదే చెప్పాను.

"సరే" అన్నాడు.

"సరే అంటే?"

"సరే అంటే సరే. నేనేమన్నా నువ్వు ఇంకోటంటవ్."

ఇల్లంతా రెండుసార్లు ఊడ్చాను.

మార్చి 24, సోమవారం

క్లినిక్‌కి సెలవు పెట్టి సోనీని తీసుకుని ఫీజు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. నా ముందు నలుగురు. పక్కనే క్లాసుల కిటికీలు. నలభై మంది పిల్లలున్నారు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఇంత క్రమశిక్షణ నేను పోస్టాఫీసులో కూడా చూడలేదు.

ముందు ముగ్గురయ్యారు. ఇద్దరయ్యారు. సోనీ నా చున్నీ పట్టుకుంది. చూస్తే ముఖం ఎర్రగా ఉంది, కళ్ళ నిండా నీళ్లు. ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఏమైంది?"

నవ్వింది. కన్నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది.

"టాయిలెటా?"

కాదని తలూపింది.

"ఏంది మరి, చెప్పు బిడ్డా!"

కౌంటర్ అతను, "నెక్స్ట్!" అన్నాడు. నా చేతిలో డబ్బుల కవరు. సోనీ వేలు పెదవి మీదకు వెళ్ళింది.

దాన్ని ఎత్తుకుని బయటికి వచ్చేశాను. గేటు దాటి, రోడ్డు దాటి, చెరుకురసం బండి దగ్గర దించాను. అక్కడ నోరు తెరిచింది. అబ్బ, ఏం ఏడుపు! బండి అతను గ్లాసు కడగడం ఆపి చూశాడు.

"చీమ కుట్టింది మమ్మీ! బూట్లల్ల దూరింది! కాట్‌తీచ్ జారీ, కాట్‌తీచ్ జారీ!"

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చీమను ఇంగ్లీష్ల ఏమంటరో యాదికి రాలే."

బూటు విప్పాను. గండుచీమ. పాదం మీద నాలుగు చోట్ల కుట్టింది, అంటే నాలుగుసార్లు ఊరుకుంది.

చెరుకురసం అతను ఐసుముక్క ఇచ్చాడు. నేను రోడ్డు పక్కన కూర్చుని దాని పాదానికి రాస్తూ ఉండిపోయాను. కవరు నా ఒళ్ళోనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి కౌంటర్ మూస్తారు. రెండయింది. రెండుంబావయింది. ఇద్దరం చెరో గ్లాసు తాగి బస్సెక్కాం.

మార్చి 25

టోకెన్ అడగడానికి ఫోన్ చేస్తే విఠల్‌రావుగారు వెయ్యి తిరిగి ఇస్తామన్నారు. ప్రేమ్‌రాజ్‌కి చెప్పాను, అన్నీ చెప్పాను, చీమ సంగతి కూడా. అతను వెళ్ళి సోనీ బూట్లు రెండూ దులిపి, ఎండలో పెట్టి వచ్చాడు.

తప్పు స్కూలుది అని మొదటి పేజీలో రాశాను. కొట్టేయాలని పెన్ను తీశాను. ఉండనీ.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈసారి ఇల్లు ప్రేమ్‌రాజ్ వెతికాడు, అంటే నల్లా వెతికాడు. చాంద్రాయణగుట్టలో, చౌరస్తా వెనక గల్లీ. రోజు విడిచి రోజు పొద్దున అయిదింటికి నీళ్లు, ధార బొటనవేలంత. దాని చుట్టూ అనుకోకుండా రెండు గదులు, మెట్ల కింద జాగా కూడా ఉన్నాయి. అద్దె ఎనిమిది వేలు. ఫ్లైఓవర్ మోత వినిపిస్తుంది. నా క్లినిక్ నడిచేంత దూరం. అత్తమ్మ గుడికి ఒకటే బస్సు, కాకపోతే అది ఎప్పుడొస్తుందో అమ్మోరికే తెలియాలి.

స్కూలు రెండు గల్లీల అవతల. రంగు వెలిసిపోయింది, మట్టి గ్రౌండు, ఫీజు తక్కువ. పెద్ద పెద్ద చోట్ల ఉన్నవాళ్ళెవరూ ఇక్కడ చదివినట్టు లేరు. సెలవులు దగ్గరపడ్డాయి కదా, మొన్న నేనొక్కదాన్నే వెళ్ళి చూస్తే పిల్లలు గ్రౌండులో చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు. నాకు నచ్చిందని చెప్పలేను. వెళ్ళిపోవాలనిపించలేదు, అంతే.

ఏప్రిల్ 15

సోనీని తీసుకెళ్ళాను. హెడ్‌మాస్టర్ బసవయ్య సార్. చొక్కా జేబులో రెండు చాక్‌పీసులు.

"సార్, మా పాప కొంచెం..." అని మొదలుపెట్టాను.

"నువ్వు బయట కూసోమ్మా."

"అది కాదు సార్, దానికి..."

"గందుకే బయట కూసోమంటున్న."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. నా ఉద్యోగ జీవితంలో ఇంతసేపు చెవులు మాత్రమే వాడటం ఇదే మొదలు.

సోనీ మూడు వాక్యాలూ వరసగా అప్పజెప్పింది. గుడ్ మార్నింగ్, టాయిలెట్, థాంక్యూ.

"అరే వా, మస్తు జెప్పినవ్" అన్నాడాయన. "గిప్పుడు కోపమొచ్చిందనుకో. ఏమంటవ్?"

నేను లేచాను. మళ్ళీ కూర్చున్నాను. బెంచీ కిర్రుమంది.

"సరే తియ్. తొందరేం లేదు. జూన్ల జెప్పు."

అద్భుతం ఏమీ జరగలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఫీజు కట్టి రసీదు తీసుకున్నాను.

మే 4

సామాన్లు మారాయి. అత్తమ్మ రోలుతో సహా.

జూన్ 12, గురువారం

స్కూళ్లు తెరిచారు. గేటు దగ్గర బసవయ్య సార్ తల్లులందరినీ వెళ్ళిపొమ్మన్నాడు. అందరూ వెళ్ళారు. నేను ఎదురుగా జిరాక్స్ షాపులో ఆధార్ కార్డు తొమ్మిది కాపీలు తీయించాను. లోపల గోల. అందులో దాని గొంతు ఉందో లేదో తెలియలేదు.

సాయంత్రం అడగలేదు. అడగకూడదని నిర్ణయం.

జూన్ 13

అడగలేదు.

జూన్ 16

అడగలేదు. అత్తమ్మను అడగమన్నాను. "నాకేం పని?" అంది.

జూన్ 19, గురువారం

క్లినిక్ నుంచి వస్తూ స్కూలు దగ్గర ఆగి దాన్ని తీసుకొచ్చాను. మోకాలి మీద దెబ్బ, రిబ్బను ఒకటే ఉంది. దారిలో ఫ్లైఓవర్ ఎందుకు వంగి ఉందో, వంగింది ఎప్పుడు విరుగుతుందో, విరిగితే పైన ఉన్న బస్సు ఎవరిదవుతుందో అడిగింది. అన్నిటికీ జవాబులిచ్చాను. ఇల్లు చేరాక, బూట్లు విప్పుతూ, ఇక ఆగలేకపోయాను.

"సోనీ, క్లాసుల మాట్లాడినవా?"

తలెత్తింది. రెండు బూట్లూ జాగ్రత్తగా గోడకు పెట్టింది.

"నీకెందుకు?"

"ఊరికే అడిగిన. మోకాలికి ఏమైంది? ఎవరితోనన్న కొట్లాడినవా? సార్ ఏమన్నడు? నువ్వేమన్నవ్?"

"గది మా క్లాస్ లొల్లి మమ్మీ. అన్ని నీకు జెప్తరా?"

మెట్ల కిందికి పరుగెత్తింది.

గడపలోనే కూర్చున్నాను. అత్తమ్మ టీ తెచ్చి ఇచ్చింది, తాగాను. పావుగంట సేపు నేను ఒక్క మాట కూడా అనలేదు. ప్రేమ్‌రాజ్ తాళంచెవి మూలన పెట్టి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూశాడు.